చేతులు కాలాక కాదు, చల్లబడక ముందే
(రేడియో ప్రసంగ పాఠం)



ఈ కార్యక్రమంలో మామూలుగా వీసాల గురించో, పిల్లల కాలేజీ చదువుల గురించో, ఊరగాయల గురించో మాట్లాడుకుంటూ వుంటాం. ఈ వారం నేను గ్లవ్స్ గురించి మాట్లాడతానంటే నిర్వాహకులు కాసేపు నవ్వారు. "గ్లవ్స్ గురించి ఏముంటుందండీ, కొనుక్కోవడం, తొడుక్కోవడమే కదా" అన్నారు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, న్యూ ఇంగ్లండ్‌లో వుండే మనవాళ్ళలో నూటికి తొంభై మంది అనుకునేది కూడా అదే. వందో నూటయాభయ్యో డాలర్లు పెట్టి స్కీయింగ్ వాళ్ళు తొడుక్కునే దిళ్ళలాంటి గ్లవ్స్ ఒక జత కొంటారు, ఇక చలి సంగతి తేలిపోయిందనుకుంటారు. పార్కింగ్ లాట్ నుంచి ఆఫీసుకి వెళ్ళడానికి అవి చాలు. చలికాలంలో కొండెక్కడానికి మాత్రం అంతకన్నా పనికిరాని వస్తువు ఇంకోటి లేదని నా అభిప్రాయం.

ఈ మధ్య మనవాళ్ళు కొండలెక్కడం బాగా పెరిగింది. సంతోషించవలసిన విషయమే. ఆకులు రంగులు మారే అక్టోబరుతో ఆపేసేవాళ్ళు ఇప్పుడు డిసెంబరు, జనవరిల్లో కూడా న్యూ హాంప్‌షైర్‌ కొండల వైపు బయలుదేరుతున్నారు. అక్కడి వైట్ మౌంటెన్స్‌లో వాషింగ్టన్ శిఖరం ఎత్తు 6,288 అడుగులే. హిమాలయాలతో పోలిస్తే అదొక గుట్ట. కానీ 1934 ఏప్రిల్ 12న ఆ గుట్ట మీద గాలి వేగం గంటకి 231 మైళ్ళని అక్కడి వాతావరణ కేంద్రం వాళ్ళు స్వయంగా కొలిచారు. చలికాలంలో అక్కడ గాలి సగటు వేగమే 40 మైళ్ళు దాటుతుంది. 2023 ఫిబ్రవరిలో ఒక రాత్రి గాలీ చలీ కలిసి మైనస్ 108 డిగ్రీల ఫారెన్‌హీట్ చలిలాగా తగిలింది. అలాంటి రోజున ఎవరూ పైకి వెళ్ళరు లెండి, వెళ్ళకూడదు. నేను చెప్పేది మామూలు రోజు సంగతి.

మామూలు రోజు లెక్క ఇలా వుంటుంది. కింద పింకమ్ నాచ్‌లో కారు ఆపినప్పుడు 20 డిగ్రీల ఫారెన్‌హీట్ వుందనుకోండి. ప్రతి వెయ్యి అడుగులకీ సుమారు మూడున్నర డిగ్రీలు తగ్గుతుంది. నాచ్ నుంచి శిఖరానికి నాలుగు వేల అడుగులకి పైగా తేడా, అంటే పైన 5 డిగ్రీలు. గాలి 50 మైళ్ళ వేగంతో వుంటే అది చర్మానికి మైనస్ 24లాగా తగులుతుంది. కప్పుకోని చర్మం గడ్డకట్టడానికి అరగంట చాలు. ఆదివారం పొద్దున ఫోన్లో కింద వూరి ఉష్ణోగ్రత చూసి "20 అంటే ఫరవాలేదు" అనుకుని బయలుదేరేవాళ్ళకి ఈ లెక్క తెలియాలి. సుమారు 4,500 అడుగులకి చెట్లు ఆగిపోతాయి. అంతవరకూ అడవి మనకి గోడలా అడ్డుంటుంది. ఆ తరవాత గాలికీ మనకీ మధ్య మన బట్టలు తప్ప ఇంకేమీ వుండవు.

ఇంతకీ చేతులే ఎందుకు ముందు చల్లబడతాయి? మనకి కాఫీ తాగే అలవాటుంది కనక సులువుగా అర్థమవుతుంది. గ్లాసులో కాఫీ చాలాసేపు వేడిగా వుంటుంది, సాసర్లో పోస్తే క్షణంలో చల్లారుతుంది. కాఫీ అదే, గాలికి తగిలే వైశాల్యం పెరిగింది. మన వొంట్లో సాసర్లు వేళ్ళు. దానికి తోడు వేళ్ళని కదిపే కండరాలు వేళ్ళలో లేవు, అరచేతిలోనూ ముంజేతిలోనూ వున్నాయి. నడుస్తుంటే తొడలు వాటి వేడి అవే పుట్టించుకుంటాయి. వేళ్ళకి ఆ సౌకర్యం లేదు, రక్తం మోసుకొచ్చే వేడి మీదే బతకాలి. వొంటికి చలేసినప్పుడు శరీరం పొదుపు మొదలుపెడుతుంది. గుండె, మెదడు లాంటి ముఖ్యమైన చోట్లని కాపాడుకోవడానికి చేతుల్లోకి, కాళ్ళలోకి వెళ్ళే రక్తనాళాలని బిగిస్తుంది. అంటే కష్టకాలంలో ముందు జీతం ఆగిపోయేది వేళ్ళకి. మన కన్సల్టెంట్ల పరిస్థితే అనుకోండి.

1930లో థామస్ లూయిస్ అనే బ్రిటిష్ వైద్యుడు ఒక విచిత్రం గమనించాడు. వేలిని మంచునీళ్ళలో వుంచితే ముందు రక్తనాళాలు మూసుకుంటాయి, కొన్ని నిమిషాలకి వాటంతటవే కాసేపు తెరుచుకుంటాయి, మళ్ళీ మూసుకుంటాయి. వేళ్ళని బతికించుకోవడానికి శరీరం చేసే ప్రయత్నం అది. అయితే వొళ్ళు మొత్తం వెచ్చగా వున్నప్పుడే అది బాగా పనిచేస్తుంది. అంచేత చేతులు చల్లబడుతున్నాయంటే ముందు చేతులకేసి కాదు, టోపీ, జాకెట్టు, కడుపుకేసి చూడాలి. ఆకలి మీద వున్న మనిషికి ఎంత మంచి గ్లవ్స్ ఇచ్చినా వేళ్ళు వెచ్చబడవు.

కొందరికి వేళ్ళు మామూలు చలికే తెల్లగా పాలిపోతాయి. రేనో అనే ఫ్రెంచి వైద్యుడు 1862లో దీన్ని వర్ణించాడు, ఆయన పేరే పెట్టారు. ఆడవాళ్ళలో ఎక్కువ. కొన్ని రకాల రక్తపోటు మందులు, సిగరెట్లు కూడా వేళ్ళకి రక్తం తగ్గిస్తాయి. అలాంటివాళ్ళు కొండెక్కే ముందు డాక్టరు గారితో ఒక మాట మాట్లాడితే మంచిది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఒక మందపాటి జత బదులు మూడు పల్చటి జతలు. మన ఇళ్ళల్లో ఒక బరువైన బొంత కన్నా రెండు పల్చటి దుప్పట్లు వెచ్చగా వుంటాయని అమ్మమ్మలు ఎప్పుడో చెప్పారు. వెచ్చదనమిచ్చేది బట్ట కాదు, బట్టల మధ్య చిక్కుకున్న గాలి. పైగా ఒక దుప్పటి తీసేయొచ్చు, బొంతలో సగం తీసెయ్యలేం కదా.

మొదటి పొర లైనర్. చర్మానికి అంటుకుని వుండే పల్చటి గ్లవ్. మెరీనో ఉన్నిదో, పాలియెస్టర్‌దో, పట్టుదో ఏదైనా సరే, నూలుది మాత్రం వద్దు. నూలు చెమటని పీల్చుకుని వొదలదు. జత బరువు పాతిక నుంచి నలభై గ్రాములు. ఈ పొర గురించి నేను గట్టిగా చెప్పేది ఒక్కటే. చెట్లు దాటాక దీన్ని తియ్యకూడదు. జిప్పు లాగినా, ఫోటో తీసినా, బూట్ల తాడు కట్టినా, ముక్కు తుడుచుకున్నా అన్నీ ఈ లైనర్‌తోనే. పల్చగా వుండాలనేది అందుకే. పేలాలు ఏరుకోగలిగినంత పల్చగా వుండాలి.

రెండోది వేడినిచ్చే పొర. ఫ్లీసు గానీ ఉన్ని గానీ. ఫ్లీసు గురించి చిన్న ముచ్చట. ఈ బట్టకి పేరు తెచ్చిన మాల్డెన్ మిల్స్ ఇక్కడే మసాచుసెట్స్‌లోని లారెన్స్‌లో వుండేది. 1995 డిసెంబరులో ఆ మిల్లు తగలబడితే యజమాని ఆరన్ ఫాయర్‌స్టీన్ పని లేకపోయినా కార్మికులకి కొన్ని నెలల పాటు జీతాలిచ్చాడు. ఆ అప్పులు తీరక 2001లో కంపెనీ దివాలా తీసింది. మంచితనానికి లోకం ఇచ్చే బహుమతి అలా వుంటుంది, ఆ సంగతి మరోసారి. ఈ పొరకి అయిదు వేళ్ళూ విడివిడిగా వుండే గ్లవ్ కన్నా వేళ్ళన్నీ ఒకే సంచీలో వుండే మిటెన్ మంచిది. నలుగురన్నదమ్ములు ఒకే గదిలో పడుకుంటే చలి తక్కువ. కొనేటప్పుడు లైనర్ తొడుక్కునే కొలత చూసుకోవాలి. బిగుతుగా వుంటే రెండు నష్టాలు. రక్తం ఆడదు, గాలి నిలవదు. మందంగా వుండి బిగుతుగా వున్న గ్లవ్ కన్నా పల్చగా వుండి వదులుగా వున్నదే వెచ్చగా వుంటుంది.

మూడోది షెల్. లోపల దూది, ఉన్ని ఏమీ లేని ఉత్త తొడుగు, గాలినీ తడినీ ఆపేది. ఇది తప్పకుండా మిటెన్ ఆకారంలోనే వుండాలి, జాకెట్ చెయ్యి మీదకి వచ్చేంత పొడుగ్గా వుండాలి. తేలికరకం జత ముప్పై నుంచి అరవై గ్రాములుంటుంది. చూడ్డానికి ప్లాస్టిక్ సంచీలా వుంటుంది కాబట్టి దుకాణంలో ఎవరికీ దీని మీద డబ్బులు పెట్టబుద్ధి కాదు. నిజానికి గాలి వీచే శిఖరం మీద మూడింటిలోకీ ఎక్కువ పనిచేసేది ఇదే. షెల్ లేని ఫ్లీసు గాలికి జల్లెడ.

మూడు పొరలూ కలిపితే నూటయాభై గ్రాములు దాటవు. మందపాటి స్కీ గ్లవ్స్ ఒక్క జతే పావుకిలో దాకా తూగుతాయి. మిగిలిన బరువులో ఇంకో జత లైనర్లు పొడిగా, ప్లాస్టిక్ సంచీలో చుట్టి సంచీ అడుగున పెట్టుకోవచ్చు. అది నాలుగో పొర అనుకోండి.

బరువు కన్నా పెద్ద లాభం చెమట సంగతి. వేసవిలో మన కుండలో నీళ్ళు ఎందుకు చల్లగా వుంటాయి? చెమ్మ ఆవిరవుతూ వేడిని పట్టుకుపోతుంది. ఎక్కుతున్నప్పుడు మందపాటి గ్లవ్ లోపల చెయ్యి కుండే అవుతుంది. దానికి తోడు తడి బట్టలోంచి వేడి పొడిబట్టలోకన్నా ఎన్నో రెట్లు త్వరగా జారిపోతుంది, నీళ్ళు గాలికన్నా సుమారు పాతిక రెట్లు వేగంగా వేడిని లాగుతాయి మరి. అందుకని ఎక్కేటప్పుడు, అడవిలో వున్నంతసేపూ, లైనర్లు ఒక్కటే. వొళ్ళు వేడెక్కితే అవి కూడా తీసి జేబులో పెట్టుకోండి. ఆగే ముందు, మళ్ళీ చెబుతున్నాను, ఆగాక కాదు, ఆగే ముందు, మిగతా పొరలు తొడుక్కోవాలి. చెట్లు పొట్టిగా అవుతున్నాయంటే అదే గుర్తు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమని మనకో సామెత వుంది, చేతులు చల్లబడ్డాక గ్లవ్స్ వేసుకోవడం కూడా అంతే. గ్లవ్ వేడిని పుట్టించదు, వున్నదాన్ని దాచిపెడుతుంది. చల్లటి చెయ్యి లోపల పెడితే చల్లదనాన్నే దాచిపెడుతుంది.

ఇదంతా చాదస్తం అనుకునేవాళ్ళ కోసం ఒక సంగతి చెబుతాను. కొన్నేళ్ళ క్రితం జనవరిలో మేం ఆరుగురం మొనాడ్నాక్ కొండకి వెళ్ళాం. 3,165 అడుగులు, పిల్లలు కూడా ఎక్కే కొండ. పైన మాత్రం చెట్లుండవు, అంతా బోడి రాయి. మాతో అప్పుడే ఉద్యోగంలో చేరిన ఒక కుర్రాడు వచ్చాడు, మంచి హుషారు. మందపాటి స్కీ గ్లవ్స్ తెచ్చుకున్నాడు. దారంతా వాటిని తియ్యలేదు, లోపల చెమట. పైకి చేరగానే అమ్మానాన్నలకి వీడియో తీసి పంపుతానని రెండు గ్లవ్సూ తీసేశాడు. చెమటకి లోపలి అస్తరు వేళ్ళతో పాటే బయటికి వచ్చేసింది. వీడియో అయ్యాక తొడుక్కోబోతే వేళ్ళు లోపలికి వెళ్ళవు. అస్తరు మడతలు పడిపోయింది. గాలిలో నిలబడి పది నిమిషాలు దాంతో కుస్తీ పట్టాడు. ఎవరికీ చెప్పలేదు, నామోషీ. చివరికి నా దగ్గరికొచ్చి "అన్నా, జిప్పు పడట్లేదు, కొంచెం వేస్తావా" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. చూస్తే నాలుగు వేళ్ళ కొసలు కొవ్వొత్తి రంగులో వున్నాయి. "నొప్పిగా వుందా" అంటే "ఇందాక వుండేది, ఇప్పుడు లేదు, తగ్గిపోయింది" అన్నాడు.

నొప్పి పోవడమే భయపడవలసిన విషయం. వెంటనే గాలి తగలని చోటికి దింపాం. ఒకరి జాకెట్ లోపల చంకల్లో చేతులు పెట్టించి, ఇంకొకరి దగ్గర వున్న పొడి మిటెన్లు తొడిగి, కిందకి తీసుకొచ్చాం. రంగు వచ్చేటప్పుడు ఆ కుర్రాడు ఏడ్చాడు, అంత నొప్పి. రెండు వేళ్ళకి బొబ్బలెక్కాయి. వేళ్ళు పోలేదు, అదృష్టం. కానీ మూడు వారాలు కీబోర్డు మీద ఆరు వేళ్ళతోనే పనిచేశాడు, కొత్త ప్రాజెక్టులో. మనం వేళ్ళ మీద బతికేవాళ్ళం, అది మర్చిపోకూడదు. ఇప్పటికీ ఫ్రిజ్‌లోంచి పాల డబ్బా తీస్తే ఆ రెండు వేళ్ళూ జివ్వుమంటాయంటాడు.

ఇలాంటప్పుడు చెయ్యకూడనివి కూడా చెబుతాను. రుద్దకూడదు. మంచుతో రుద్దడం మరీ ఘోరం, పాతకాలపు నమ్మకం అది. నిప్పు దగ్గర కాచకూడదు, మొద్దుబారిన చర్మానికి కాలినా తెలియదు. నిజంగా గడ్డకట్టిన వేలైతే, మళ్ళీ గడ్డకట్టే ప్రమాదం లేని చోటికి చేరాకే 37 నుంచి 39 డిగ్రీల సెల్సియస్ గోరువెచ్చటి నీళ్ళలో వుంచాలి, డాక్టరుకి చూపించాలి. సగం దారిలో కరిగించి మళ్ళీ గడ్డకట్టనిస్తే నష్టం ఇంకా ఎక్కువ.

గ్లవ్స్ చరిత్రలో అన్నిటికన్నా ఖరీదైన జత మారిస్ హెర్జోగ్‌ది. 1950 జూన్ 3న ఆయనా, లూయీ లాషెనల్ అన్నపూర్ణ శిఖరం ఎక్కారు. ఎనిమిదివేల మీటర్లు దాటిన పర్వతం మనిషి ఎక్కడం అదే మొదలు. దిగుతూ సంచీ విప్పడానికి హెర్జోగ్ గ్లవ్స్ తీసి పక్కన పెట్టాడు. అవి వాలు మీద జారి వెళ్ళిపోతుంటే చూస్తూ వుండిపోయాడు. సంచీలో అదనపు మేజోళ్ళు వున్నాయి, చేతులకి తొడుక్కోవచ్చు. ఆ ఎత్తులో, ఆ అలసటలో ఆ ఆలోచనే రాలేదు. చేతి వేళ్ళూ, కాలి వేళ్ళూ పోయాయి. కాబట్టి మిటెన్లకి ఎలాస్టిక్ తాడు కట్టి మణికట్టుకి తగిలించుకోండి, చిన్నపిల్లలకి కట్టినట్టు. నామోషీ ఏమీ లేదు. తీసినదాన్ని నేల మీద పెట్టొద్దు, జాకెట్ రొమ్ములో దోపుకోండి, వెచ్చగానూ వుంటుంది.

డబ్బుల సంగతి. అన్నీ పెద్ద కంపెనీలవే కొనక్కర్లేదు. ఆర్మీ సర్‌ప్లస్ దుకాణాల్లో ఉన్ని లైనర్లు చవగ్గా దొరుకుతాయి, చాలా మంచివి. వానా మంచూ కలిసి పడే రోజుల్లో గిన్నెలు తోముకునే రబ్బరు గ్లవ్స్ పెద్ద సైజువి లైనర్ల మీద తొడుక్కుంటే ఖరీదైన వాటర్‌ప్రూఫ్ గ్లవ్స్ చేసే పనిలో చాలా భాగం చేస్తాయి. అందం గురించి అడక్కండి. ఇక వేడి పుట్టించే పొట్లాలు, ఇనప్పొడి తుప్పు పడుతూ వేడినిచ్చేవి, మంచివే. కానీ వాటికి గాలి కావాలి. బిగుతు గ్లవ్‌లో కుక్కితే పనిచెయ్యవు. ఎక్కడం మొదలెట్టే ముందు విప్పి కాసేపు గాలి తగలనిచ్చి, వదులుగా వున్న మిటెన్‌లో పెట్టుకోవాలి.

ప్రతి జిప్పుకీ మూడంగుళాల తాడు ముక్క కట్టండి, మిటెన్‌తో లాగేలా. బయలుదేరే ముందురోజు రాత్రి ఇంట్లో మిటెన్లు తొడుక్కుని సంచీ తెరవడం, బూట్లకి ముళ్ళ పట్టీలు తగిలించడం, నీళ్ళ సీసా మూత తియ్యడం చేసి చూడండి. మా ఆవిడ చూసి నవ్వింది, మీవాళ్ళూ నవ్వుతారు, ఫరవాలేదు. తిండి కూడా మిటెన్‌తో పట్టుకునేలా వుండాలి. పులిహోర గడ్డకట్టి రాయవుతుంది, ప్రయత్నించిన మిత్రులున్నారు. పల్లీపట్టీ అయితే ఇంట్లోనే చిన్న ముక్కలు చేసి జేబులో వేసుకోవచ్చు. వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయనిపిస్తే చెయ్యి చాచి గానుగలా గుండ్రంగా పెద్దగా తిప్పండి. ఆ విసురుకి రక్తం కొసలదాకా వెళుతుంది. ఇరవై ముప్పైసార్లు తిప్పితే తేడా తెలుస్తుంది.

"మనం వేడి దేశపు వాళ్ళం, మనకీ చలి పడదు" అని కొందరంటారు. విజయనగరంలో పుట్టినవాడిగా నాకూ ఆ మాట ఇంట్లో చాలాసార్లు వినబడింది. నవంబరులోనే మంకీ క్యాప్ పెట్టుకునే ఊరు మాది. 2014 మే 25న నిజామాబాద్ జిల్లా పిల్ల మాలావత్ పూర్ణ పద్నాలుగేళ్ళు నిండకుండానే ఎవరెస్ట్ ఎక్కింది, ఖమ్మం జిల్లా కుర్రాడు ఆనంద్ కుమార్ కూడా ఎక్కాడు. పుట్టిన ఊరు కాదు, తయారీ ముఖ్యం. వాళ్ళిద్దరూ ముందు డార్జిలింగ్‌లోనూ, లదాఖ్‌లోనూ శిక్షణ తీసుకుని వెళ్ళారు.

పోయినవారం ఒక శ్రోత పిల్లల సంగతేమిటని అడిగారు. చిన్నపిల్లలకి గ్లవ్స్ వద్దు, మిటెన్లే. వాళ్ళ వేళ్ళు ఇంకా చిన్న సాసర్లు, త్వరగా చల్లారతాయి. చల్లగా వుందని వాళ్ళు చెప్పరు, ఆట మధ్యలో చెప్పడం వాళ్ళకి ఇష్టం వుండదు. అరగంటకోసారి మిటెన్ తీసి వాళ్ళ వేళ్ళు మీ మెడకి ఆనించి చూడండి. చల్లగా తగిలితే అక్కడితో వెనక్కి తిరగండి. కొండ వచ్చే శనివారం కూడా అక్కడే వుంటుంది.